ముట్టుకోలేదు, వదిలానంతే

పాత పోత ఇనప పెనం మీద ఏళ్ల తరబడి కాలిన నూనె పొరలు పొరలుగా పేరుకుని, చివరికి ఇనుము ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. కత్తితో గీకితే కత్తి అరుగుతుంది, పీచుతో తోమితే చెయ్యి అరుగుతుంది. "మంటల్లో పడేస్తే అదే పోతుంది" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. మా ఇంట్లో ఆ పదవి బాబాయిది. పోత ఇనుము ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వేడెక్కితే వంకర పోతుంది, ఒక్కోసారి టప్పుమని పగులుతుంది కూడా. అయినా సలహా ఇచ్చేవాడికి పోయేదేముంది, పగిలేది పెనమే కదా.

పిన్ని మాత్రం కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ దారి కాస్టిక్ సోడా. ఆ నీళ్లలో నానబెడితే గట్టిపడిన నూనె మెల్లగా విడిపోయి సబ్బులా మారిపోతుంది, ఇనుము జోలికి మాత్రం పోదు. ఇరవై లీటర్ల నీళ్లకి అర కిలో చాలు. వినడానికి ఎంత తేలిక! తీరా మొదలుపెట్టేసరికి పక్కల నుంచి కూడా మూసుకుపోయే కళ్లద్దాలు, మోచేతుల దాకా రబ్బరు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, బూట్లు. బాబాయి ఎగాదిగా చూసి, "పెనం నిన్ను గుర్తుపడుతుందా?" అన్నాడు.

పెరట్లో మందపాటి ప్లాస్టిక్ బకెట్ పెట్టి, అందులో చన్నీళ్లు పోసి, సోడా రేకుల్ని కొంచెం కొంచెంగా వదులుతూ కర్రతో కలుపుతోంది. బాబాయి మగ్గుతో తయారయ్యాడు.

"ముందు సోడా అంతా వేసేసి పైన నీళ్లు పోస్తే ఒక్క నిమిషంలో అయిపోదుటే?"

"అవుతుందండీ. మిగతా పని ఆస్పత్రిలో చేసుకోవచ్చు."

నిజమే. సోడా నీళ్లలో కరుగుతుంటేనే విపరీతమైన వేడి పుడుతుంది. కుప్పగా ఉన్న సోడా మీద నీళ్లు పోస్తే, ఆ కాసిన్ని నీళ్లూ అక్కడికక్కడే మరిగి మొహం మీదికి చిందుతాయి. అందుకే ఎప్పుడైనా నీళ్లలోకి సోడా వెళ్లాలి తప్ప, సోడా మీదికి నీళ్లు రాకూడదు. మగ్గు లోపలికి వెళ్లిపోయింది. దాని స్థానంలో వెనిగర్ సీసా వచ్చింది.

"చేతి మీద పడితే విరుగుడు," అన్నాడు బాబాయి, సీసా ఎత్తి చూపిస్తూ.

"విరుగుడు ఆ పంపు. పడిన చోట ఇరవై నిమిషాలు ఆపకుండా నీళ్లు వదలాలి. వెనిగర్ పోస్తే రెండూ కలిసి ఇంకా వేడెక్కుతాయి. కంట్లో పడితే నీళ్లతో కడుగుతూనే డాక్టర్‌కి కబురు పెట్టాలి. ఇంకో సంగతి, వేళ్ల మధ్య సబ్బులా జారుతున్నట్టుంటే మురిసిపోకండి. మీ చర్మంలోని కొవ్వే సబ్బవుతోందని అర్థం."

బాబాయి సీసా మూత బిగించాడు కానీ, ఆయన మొహంలో ఓటమి ఛాయలేవీ కనపడలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

పెనాన్ని తీగతో కట్టి నీళ్లలోకి దింపి, పైన మూత వదులుగా పెట్టి, ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలు రాసి అంటించింది పిన్ని: "కాస్టిక్ సోడా. ప్రమాదం. ఎవరూ ముట్టుకోవద్దు."

రాత్రి భోజనాలయ్యాక పెరట్లోంచి చప్పుడు. బుసబుసమంటోంది. వెళ్లి చూస్తే బకెట్ మూత దానంతటది కదులుతోంది. కొంచెం లేస్తుంది, ఆవిరిలాంటిదేదో వదులుతుంది, మళ్లీ పడుతుంది. వెనకాలే బాబాయి టార్చి పట్టుకొచ్చాడు. రెండుసార్లు చరిచినా వెలగకపోయేసరికి జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు.

"ఏమండీ! అది కింద పడేయండి!"

పిన్ని గొంతు అంత పైకి వెళ్తుందని ఆ వీధిలో ఎవరికీ తెలియదు. అగ్గిపెట్టె ఒకవైపు, టార్చి ఒకవైపు, బాబాయి మరోవైపు.

కళ్లద్దాలు, గ్లౌజులు తగిలించుకుని పిన్ని కర్రతో మూత పక్కకి తోసింది. నీళ్లు నల్లగా నురగలు కక్కుతున్నాయి. అందులోంచి బయటికొచ్చింది ఒకప్పుడు సత్తు గిన్నె మూతగా బతికిన వస్తువు. కాగితంలా పలచబడి, బొగ్గు రంగు తిరిగి, మధ్యలో చిల్లులు. ప్లాస్టిక్ పిడి మాత్రం నిక్షేపంగా ఉంది. పట్టుకుని ఎత్తడానికే మూత లేదు.

"నీళ్లు ఎలాగూ కలిపావు, సోడా ఎలాగూ ఖర్చయింది," అన్నాడు బాబాయి. "మన మూత కూడా మసిపట్టి ఉంది కదా అని, నువ్వు కునుకు తీస్తున్నప్పుడు..."

"ముట్టుకోవద్దని రాశానా లేదా?"

"నేనెక్కడ ముట్టుకున్నానే? పైనుంచి వదిలానంతే."

చదువుకున్న మనిషి దగ్గర కూడా దీనికి జవాబుండదు. సోడా నీళ్లలో అల్యూమినియం పడితే అది కరిగిపోతూ హైడ్రోజన్ వదులుతుంది. హైడ్రోజన్ మండే వాయువు. ఆ సమయంలో అగ్గిపుల్ల గీసి ఉంటే ఏమయ్యేదో పిన్ని చెప్పలేదు. బకెట్‌కి మూత బిగించి ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పలేదు. కుర్చీ లాక్కుని కాసేపు కూర్చుందంతే.

పెనానికి మాత్రం ఏ లోటూ జరగలేదు. నాలుగు రోజులకి తీస్తే మడ్డి బురదలా జారిపోయింది. కింద బూడిద రంగు ఇనుము, తయారీవాడి ముద్రతో సహా బయటపడింది. అక్కడక్కడా తుప్పు అలాగే ఉంది. సోడా తుప్పుని తియ్యదు. బాగా కడిగేశాక, సగం నీళ్లు కలిపిన వెనిగర్‌లో అరగంట ఉంచి తోమాలి. మరచిపోయి వదిలేస్తే వెనిగర్ ఇనుమునే తినేస్తుంది. వెనిగర్ అనగానే బాబాయి సీసా పట్టుకుని వచ్చేశాడు, ఆ రోజే తనన్నానని గుర్తుచేస్తూ.

కడిగి తుడిచేలోపే పెనం మీద నారింజ రంగు పొడి కనిపించింది. ఒట్టి ఇనుము గాలి, తడి తగిలితే అంత తొందరగానూ తుప్పు పడుతుంది. వెంటనే పొయ్యి మీద వెచ్చచేసి, నూనె రాసి, రాసిందంతా తుడిచేసి, ఓవెన్‌లో 230 డిగ్రీల దగ్గర గంటసేపు బోర్లించింది. "తుడిచేసేదానికి రాయడమెందుకు?" అని బాబాయి సందేహం. మిగిలే ఆ పలచటి పొరే కావాలి, ఎక్కువైతే జిగురు జిగురుగా అట్టకడుతుంది.

బకెట్‌లో సోడా ఇంకా పనికొస్తుంది కాబట్టి పిన్ని పాత కాగితం పీకేసి కొత్తది అంటించింది. ఈసారి కొంచెం పొడుగ్గా: సత్తు సామాను, జింకు పూత ఉన్నవి, చెక్క పిడులు, ఎనామిల్ గిన్నెలు ఇందులో వెయ్యకూడదు, వదలకూడదు, జారవిడవకూడదు, కర్రతో తొయ్యకూడదు.

బాబాయి కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా వేలు ఆనించి చదివాడు. "ఇందులో ఇత్తడి రాయలేదే," అన్నాడు.