తులసికి రెండు లీటర్లు

చెన్నై చూళైమేడులో మా పెద్దమ్మ ఇంటి రెండో అంతస్తు బాల్కనీలో ఉన్న తులసి మొక్కకు ఈ వేసవిలో వడదెబ్బ తగలలేదనీ, అది ప్రతిరోజూ క్రమం తప్పకుండా రెండు లీటర్ల ఫిల్టరు నీటిని సేవించిందనీ, ఆ సేవనానికి సంబంధించిన లెక్కలన్నీ గంటల వారీగా న్యూజెర్సీలో భద్రంగా ఉన్నాయనీ పాఠకులకు సవినయంగా మనవి చేసుకుంటున్నాను. ఒక మొక్క దాహం గురించి ఇంత కట్టుదిట్టంగా పద్దులు రాసిన ఉదంతం చెన్నపట్నం చరిత్రలో మరొకటి ఉన్నట్టు నాకు తెలియదు.

దీనికంతటికీ మూలం ఒక సీసా. పెద్దమ్మ కొడుకు, అంటే నాకు అన్న, దాన్ని ఏప్రిల్ నెలాఖరులో అక్కడినుంచి పంపించాడు. ఇక్కడివాళ్లు అగ్ని నక్షత్రమనీ కత్తిరి అనీ పిలిచే రోజులు మే 4 ప్రాంతంలో మొదలై నెలాఖరు దాకా మాడుస్తాయి. అవి మొదలయ్యే లోపే సీసా తల్లి చేతికి అందాలని అదనంగా డబ్బు కట్టి మరీ పంపించాడంటే అతని ప్రేమను శంకించడానికి ఎవరికీ నోరు రాదు. సీసా కూడా సామాన్యమైనది కాదు. లోపల నీటి మట్టాన్ని కొలిచే కన్ను ఉంది, అడుగున నీలం రంగు దీపం ఉంది, గంటకోసారి ‘టైమ్ టు హైడ్రేట్’ అని పలికే ఒక దొరసాని గొంతు ఉంది. పెద్దమ్మకు తెలుగు వచ్చు, అరవం వచ్చు, దొరసాని భాష మాత్రం రాదు. మొదటి రెండు రోజులూ ఎవరో గుమ్మంలో నిలబడి పిలుస్తున్నారనుకుని ఆవిడ మోకాళ్లు పట్టుకుని గంటకోసారి వెళ్లి తలుపు తీసి వచ్చింది. ఆ నడకకు పట్టిన చెమట లెక్క మాత్రం సీసాలో నమోదు కాలేదు.

సీసాలో నీరు తగ్గకపోతే న్యూజెర్సీ నుంచి ఫోను వస్తుంది. ఇక్కడ సాయంత్రం నాలుగంటే అక్కడ ఉదయం ఆరున్నర. అన్న నిద్ర లేస్తూనే, పళ్లయినా తోముకోకుండా, తల్లి తాగిన నీళ్ల లెక్క చూసుకుంటాడు. ‘అమ్మా, 400 మిల్లీలీటర్లు వెనకబడ్డావే’ అంటాడు, పిల్లవాడి లెక్కల మార్కులు చూసిన తండ్రిలాగా. పది రోజులు ఈ విచారణను భరించిన పెద్దమ్మ, పదకొండో రోజున, సీసా తయారుచేసిన ఇంజనీర్లకు తట్టని ఒక సత్యాన్ని కనిపెట్టింది. నీరు తగ్గిందా లేదా అన్నదే సీసాకు తెలుస్తుంది గాని, అది ఎవరి గొంతు దిగిందన్నది దానికి తెలియదు. వెంటనే ఆవిడ కుర్చీని బాల్కనీ తలుపు పక్కకు జరిపించుకుని, దొరసాని పిలిచినప్పుడల్లా కూర్చున్న చోటినుంచే తులసమ్మకు ఒక గుక్కెడు పోయసాగింది.

ఆ రాత్రే న్యూజెర్సీకి ఒక బంగారు కప్పు బొమ్మ చేరింది. లక్ష్యం నెరవేరినందుకు సీసావారు పంపిన అభినందన అది. అన్న దాన్ని మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. 32 మంది దండాలు పెట్టారు, ఆరుగురు ఆనందబాష్పాలు రాల్చారు, హైదరాబాదులో ఉన్న మా చిన్నాన్న ‘ఇదీ కొడుకంటే’ అని రాశాడు. ఆ మాట తన కొడుక్కి తగలాలనే రాశాడన్న సంగతి గ్రూపులో అందరికీ తెలుసు, వాడికి కూడా తెలుసు. వరసగా వారం రోజులు కప్పులు వచ్చేసరికి సీసా తనంతట తానే లక్ష్యాన్ని రెండున్నర లీటర్లకు పెంచింది. తులసి ఒక్కతే అంత భారం మోయలేదు గనుక కనకాంబరాలనూ కరివేపాకునూ కూడా పథకంలో చేర్చుకోవలసి వచ్చింది. మూడో వారంలో కింది పోర్షనులో ఉండే ఆవిడ, ఆకాశం నిర్మలంగా ఉండగా తన వడియాల మీద మాత్రమే వాన పడుతోందని ఫిర్యాదు చేసింది. నాలుగో వారంలో తులసి ఆకులు పండుబారి, వేరు కుళ్లడం మొదలయింది. ఆనాటి సీసా నివేదిక ప్రకారం మా పెద్దమ్మ ఆరోగ్యం ‘అద్భుతం’. ఆవిడ పెదవులు మాత్రం నెర్రెలు వేసిన చెరువులా ఉన్నాయి. దాన్ని గమనించే ఏర్పాటు సీసాలో లేదు. రెండు వీధుల అవతల కాపురముండే నాలోనూ లేదు.

న్యాయంగా మాట్లాడుకుంటే సీసావారి ఆదుర్దా కల్పితం కాదు. వయసు మళ్లిన కొద్దీ దాహం మందగిస్తుంది. ఒంట్లో నీరు ఇంకిపోతున్నా మెదడుకు ఆ కబురు ఆలస్యంగా అందుతుంది. పడుచువాడి బరువులో సుమారు 60 శాతం నీరుంటే, ముసలితనానికి అది 50 శాతం దరిదాపులకు దిగుతుంది, అంటే తొట్టే చిన్నదైపోతుంది. మూత్రాన్ని చిక్కబరచి నీటిని ఆదా చేసుకునే శక్తి మూత్రపిండాలకు సన్నగిల్లుతుంది, చెమట సరిగా పట్టదు, రక్తపోటుకు వేసుకునే మాత్రల్లో కొన్ని ఉన్న నీటిని కూడా బయటికి తోడేస్తాయి. పైగా ఇది చెన్నై. గాలిలో తేమ ఎక్కువ కనుక పట్టిన చెమట ఆరదు, చెమట ఆరితేనే గాని ఒళ్లు చల్లబడదు. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరగకపోతే ఊరంతా పెనమే. 2003 మే 31న ఇక్కడి నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదయింది. ఆ ఏడాది ఆగస్టులోనే ఫ్రాన్సులో వడగాలికి సుమారు 15,000 మంది చనిపోయారు. అత్యధికులు వృద్ధులు, ఒంటరిగా ఉన్నవారు చాలామంది, ఆగస్టేమో అక్కడ కుటుంబాలు సెలవులకు ఊళ్లు వెళ్లే నెల. మన పిల్లలకు ఆగస్టుతో పని లేదు. పన్నెండు నెలలూ పరదేశంలోనే ఉంటారు.

చల్లదనం విషయంలోనూ మా వంశం లోటు చేయలేదు. పెద్దమ్మ గదిలో ఏసీ ఉంది. దాని రిమోటుకు దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కవరు తొడిగి, దేవుడి గదిలో విష్ణు సహస్రనామం పుస్తకం పక్కన పెట్టారు. రెండింటిలో ఏదీ ఆవిడ కళ్లజోడుకు అందే అక్షరాల్లో లేదు. ఆవిడ చేసుకునే ఉపచారం వేరు: మెడకు తడి తువ్వాలు, పాదాలకు బకెట్లో నీళ్లు, పడమటి కిటికీకి తడిపిన పాత చీర, పైన ఫ్యాను. గది వేడి 40 డిగ్రీలు దాటితే ఉత్త ఫ్యాను గాలి ఒంటిని చల్లబరచకపోగా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తడి తువ్వాలు ఎందుకో పెద్దమ్మకు ఆ సంస్థ చెప్పకముందే తెలుసు. కానీ తువ్వాలుకు బంగారు కప్పు రాదు.

ఇక గ్రూపులో రోజూ తెల్లవారగానే ప్రత్యక్షమయ్యే ‘ఎనిమిది గ్లాసుల’ సూక్తి. అందరికీ ఒకే కొలత అని నిర్ణయించిన మహానుభావుడెవరో గాని, పెరుగన్నంలోనూ, పప్పుచారులోనూ, పుచ్చకాయలోనూ, తాటి ముంజల్లోనూ, ఆఖరికి ఈ ఊరి ఫిల్టరు కాఫీలోనూ ఉన్నది నీరేనన్న సంగతి ఆయనకు తోచినట్టు లేదు. అదే మెట్ల వరసలో ఉండే ఒక మామయ్యగారికి గుండె బలహీనం. రోజుకు లీటరున్నరకు మించి తాగవద్దని ఆయన డాక్టరు గట్టిగా చెప్పాడు. మా సీసా ఖ్యాతి విని ఆయన కూతురు కూడా ఒకటి తెప్పించింది. పాపం ఆయన ఇప్పుడు లీటరున్నర తాగి దొరసాని చేత తిట్లు తింటున్నాడు, రెండు లీటర్లు తాగితే డాక్టరు చేత తింటాడు. మరొక బంధువు ఓఆర్ఎస్ అని పేరు రాసి ఉన్న పండ్ల రసం డబ్బాలను పెట్టెలకొద్దీ పంపేవాడు. పెద్దమ్మకు చక్కెర జబ్బు. హైదరాబాదుకు చెందిన ఒక పిల్లల వైద్యురాలు ఏళ్ల తరబడి పోరాడగా, అసలైన పాళ్లలో లేని తీపి నీళ్ల మీద ఆ పేరు రాయకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించేదాకా మా వాళ్లకు అది మందో పానకమో అన్న అనుమానమే రాలేదు. పానకమే నయం, మిరియాలైనా ఉంటాయి.

తులసికి నీళ్లు పోస్తుండగా పెద్దమ్మను నేను పట్టుకున్నది మే నెలాఖరులో. ‘ఇదేం పని పెద్దమ్మా, నువ్వు కదా తాగాలి’ అన్నాను, ఫోనులో అన్న వాడే గొంతుతోనే. ఆవిడ సీసా పక్కన పెట్టి చాలా మామూలుగా చెప్పింది: ‘తాగితే వెళ్లాలి కదరా నాయనా. వెళ్తే పడతాను. పడితే మీరందరూ రావాలి.’

పాఠకులు మన్నించాలి, ఇక్కడినుంచి నాకు నవ్వు రావడం లేదు.

ఆవిడ మంచానికీ బాత్రూముకీ మధ్య దూరం 12 అడుగులు. మధ్యలో బట్టలుతికే చోటు, ఎప్పుడూ తడే. గుమ్మం దగ్గర జానెడు ఎత్తు గట్టు. లోపల నున్నటి పలకలు, పట్టుకోవడానికి నీళ్ల కొళాయి తప్ప మరేదీ లేదు, ఆ కొళాయి కూడా వదులు. రాత్రి వేళ దీపం స్విచ్చు అవతలి గోడకు. ఈ ఊరి దాహం తీర్చడానికి 1976లో మూడు రాష్ట్రాలు కృష్ణా జలాల్లో తలా 5 టీఎంసీలు వదులుకోవడానికి ఒప్పుకున్నాయి. శ్రీశైలంలో మలుపు తిరిగిన కృష్ణమ్మ సోమశిల, కండలేరు దాటి, అక్కడినుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలువలో నడిచి, 1996లో పూండి జలాశయానికి చేరింది. అంత దూరం నుంచి నీటిని తెచ్చి ముసలావిడ ముంగిట్లో పెట్టగలిగిన మనం, ఆ నీటిని తాగాక ఆవిడ నడవవలసిన 12 అడుగుల గురించి ఒక్క పూటయినా ఆలోచించలేదు. ఎన్ని గ్లాసులు తాగావని అడిగినవాళ్లు 32 మంది. తాగితే ఎక్కడికి, ఎలా వెళ్తున్నావని అడిగినవాడు ఒక్కడు లేడు.

ఆ తరం ఆడవాళ్లకు నీళ్లు తాగకుండా ఉండడం చిన్నప్పుడే ఒంటబట్టిన విద్య. బాత్రూములు లేని బడిలో నేర్చుకున్నారు, రాత్రంతా ఆగని బస్సుల్లో సాధన చేశారు, మన పెళ్లిళ్లలో ప్రావీణ్యం సంపాదించారు. పోయిన ఏడాది మే నెల ముహూర్తానికి మేమే ఆవిడను ఒక కల్యాణ మండపానికి తీసుకెళ్లాము. చల్లటి నీళ్లకు లోటు లేదు, మజ్జిగకు లోటు లేదు, నన్నారి షర్బత్తుకు ఒక ప్రత్యేకమైన బల్ల, దాని మీద మంచుతో చెక్కిన హంస. బాత్రూము మాత్రం భోజనాల హాలు వెనక, పద్నాలుగు మెట్ల కింద. పెద్దమ్మ పొద్దుటినుంచి సాయంత్రం దాకా హంసను చూస్తూ కూర్చుంది. మర్నాడు మధ్యాహ్నం, ఎప్పుడో చనిపోయిన తన చెల్లెల్ని పిలిచి డాబా మీద వడియాలు తీసుకురమ్మంది. మేము ఏమనుకున్నామో చెప్పమంటారా? వయసు మీద పడిందనుకున్నాము. మతిమరుపు వైద్యుడి కోసం వెతకడం మొదలుపెట్టాము. ముసలివాళ్లు ఎండాకాలంలో ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే అది ముందుగా ఒంట్లో నీటికీ ఉప్పుకూ సంబంధించిన ప్రమాదమై ఉండవచ్చన్న ఇంగితం, ఇంత చదువుకున్న ఇంట్లో, ఒక్కరికీ లేదు. రెండు సీసాల సెలైను ఎక్కాక సాయంత్రానికి లేచి కూర్చుని, పాలు కాచారా అని అడిగింది. అలా లేవనివాళ్లు ఎంతమందో! వాళ్ల ఫొటోలకు దండలు వేసి, ‘పెద్ద వయసు కదా, సుఖంగా వెళ్లిపోయింది’ అని చెప్పుకుంటాము. సుఖమా? దప్పికతో!

సీసా వెల ఏడువేల రూపాయలు. గోడకు బిగించే స్టీలు కడ్డీ హార్డువేరు దుకాణంలో ఏడువందలు. అన్న దూరంగా ఉన్నాడు, అతనికి ఆ బాత్రూము గుర్తుండకపోవచ్చు. నేను రెండు వీధుల అవతలే ఉన్నాను, వారానికి రెండుసార్లు అదే బాత్రూములో కాళ్లు కడుక్కుని, అదే గట్టు దాటి వచ్చి, అదే కుర్చీ పక్కన కూర్చుని ‘నీళ్లు తాగు పెద్దమ్మా’ అని చెప్పి, ఆవిడ పెట్టిన కాఫీ తాగి వెళ్లేవాణ్ణి. నాకు ఏ శిక్ష తగునో పాఠకులే నిర్ణయించండి. సీసాతో పోలిస్తే నాకు ఒక కన్ను ఎక్కువ.

మొన్న ఆదివారం ప్లంబరు వచ్చాడు. రెండు కడ్డీలు బిగించాడు, ఒక పలక పగలగొట్టాడు, గట్టును చెక్కి వాలుగా చేశాడు, స్విచ్చును మంచం పక్కకు మార్చేందుకు రేపు తమ్ముణ్ణి పంపుతానని చెప్పి యథావిధిగా పంపలేదు. నేనే ఒక చిన్న రాత్రి దీపం కొనుక్కొచ్చి పెట్టాను. పెద్దమ్మ ఆ కడ్డీని మొదటి రోజు అనుమానంగా చూసింది, రెండో రోజు దాని మీద తువ్వాలు ఆరేసింది, మూడో రోజు పట్టుకుంది. ఆ రోజు మధ్యాహ్నం అల్లం, కరివేపాకు నలిపి వేసిన పలుచటి మజ్జిగను కంచు లోటాతో తాగింది, ఇంకొకటి కలపమంది. సీసా బాల్కనీలోనే ఉండిపోయింది; తులసి కుండీని ఎండబెట్టమని మాలి చెప్పినందువల్ల దానికీ ఆ రోజు ఏకాదశే.

సరిగ్గా నాలుగింటికి ఫోను మోగింది. ‘ఏమిట్రా ఇది, అమ్మ పొద్దుటినుంచి ఒక్క చుక్క కూడా తాగలేదు, సున్నా చూపిస్తోంది, ఫోను అమ్మకియ్యి’ అన్నాడు అన్న కంగారుగా.

‘పెద్దమ్మ బాత్రూములో ఉంది అన్నయ్యా’ అన్నాను.

అన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘నీళ్లు తాగకుండానే బాత్రూముకు ఎందుకు వెళ్లిందిరా?’ అన్నాడు.