సిలబస్ పుస్తకంలో మాత్రమే నివసించే ఎలక్టివ్ గారికి

మహారాజరాజశ్రీ ఎలక్టివ్ గారి దివ్యసముఖమునకు,

బీఏ విద్యార్థుల తరఫున నమస్కరించి రాయునది. పిల్లలు ఇష్టపడి ఎంచుకునే పేపర్ అని తమకు పేరు. తమరి క్షేమం వేరే అడగనక్కర్లేదు. సిలబస్ పుస్తకంలో పేజీకి ఆరుగురు చొప్పున కొలువుదీరి ఉంటారు. పాఠం చెప్పే శ్రమ లేదు, పేపర్లు దిద్దే బాధ లేదు. తమకేం తక్కువ?

నిన్న మధ్యాహ్నం తమ పేరు మీద ఒక తంతు జరిగింది. మూడో సెమిస్టర్ పిల్లలకు ఆప్షన్ ఫారాలిచ్చారు. గ్రామీణ సమాజశాస్త్రం, ఎన్నికల రాజకీయాలు, ఆధునిక ఆంధ్ర చరిత్ర, జనాభా అధ్యయనం, గణాంక పద్ధతులు, మానవ హక్కులు. ఒకటి నుంచి ఆరు దాకా ప్రాధాన్య క్రమం రాయాలి. కొట్టివేతలుంటే ఫారం చెల్లదు. పిల్లలు సీనియర్లకు ఫోన్లు చేసి, పీడీఎఫ్‌లు తిరగేసి, తర్జనభర్జన పడి నింపారు. నాలుగింటికి నోటీసు బోర్డు మీద ఒక్క లైను: అందరికీ ప్రభుత్వ పాలన పరిచయం. ఆ ఆరింటిలో అది లేనే లేదు.

కారణం దాచకుండానే చెప్పారు. ఆ సబ్జెక్టు లెక్చరర్‌కి వారంలో నాలుగు గంటలు ఖాళీ ఉన్నాయట.

అయ్యా, తప్పు ఆ లెక్చరర్‌ది కాదు. ఉన్న మనుషులతో నెట్టుకొస్తున్న ప్రిన్సిపాల్‌ది కూడా పూర్తిగా కాదు. లెక్క ఒకసారి వేసి చూద్దాం. 2022 డిసెంబరులో యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. మూడేళ్ల డిగ్రీలో మేజర్‌కి, అంటే ప్రధాన సబ్జెక్టుకి 60, మైనర్‌కి, అంటే తోడు సబ్జెక్టుకి 24, ఇతర శాస్త్రాల కోర్సులకు 9, భాషలకు 8, నైపుణ్యాలకు 9. మిగిలిన పదీ విలువల కోర్సులూ ఇంటర్న్‌షిప్పూ పంచుకుంటాయి. ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌కి 15 గంటల పాఠం. నాలుగు క్రెడిట్ల పేపరంటే 60 గంటలు, అంటే వారానికి నాలుగు. మేజర్‌కి అలాంటి పేపర్లు 15 కావాలి. మూడు సంవత్సరాల పిల్లలూ ఒకేసారి కాలేజీలో ఉంటారు కాబట్టి ఏ సెమిస్టర్ చూసినా ఏడో ఎనిమిదో మేజర్ పేపర్లు నడుస్తూ ఉండాలి. వారానికి 28 నుంచి 32 గంటలు. అసిస్టెంట్ ప్రొఫెసర్ బోధనా గంటలు యూజీసీ 2018 నిబంధనల్లో వారానికి 16. ఇద్దరుంటే 32.

అంటే ఇద్దరు లెక్చరర్లున్న శాఖ మేజర్ ఒక్కటి గట్టెక్కించేసరికే చేతులెత్తేస్తుంది. పక్క శాఖ పిల్లలకు మైనర్ ఎవరు చెప్పాలి? వేరే శాఖల పిల్లలు వచ్చి కూర్చునే ఆ ఇతర శాస్త్రాల తొమ్మిది క్రెడిట్ల కోర్సులెవరు చెప్పాలి? ఇక తమ వంతు ఎప్పుడొస్తుంది? పైగా ఇద్దరున్నది అదృష్టవంతుల శాఖ. ఒక్కరూ, ఒక గెస్ట్ లెక్చరరూ ఉన్నచోట ఆ గెస్ట్ గారి ఆర్డరు వచ్చేసరికి మొదటి ఇంటర్నల్ అయిపోయి ఉంటుంది. ఇదంతా తెలిసీ ప్రాస్పెక్టస్‌లో తమ పేర్లు వేస్తూనే ఉంటారు, శుభలేఖలో దూరపు బంధువుల పేర్లు అచ్చేసినట్టు. వస్తారని కాదు, లేకపోతే బాగుండదని.

తమరు రాకపోతే కొంప మునిగిందేముంది, ఇంకో పేపర్ చదువుకుంటారు అని తమరి ఉద్దేశం కావచ్చు. మునిగేది ఆ సెమిస్టర్‌లో కాదు లెండి. సీఈసీ, హెచ్‌ఈసీ నుంచి వచ్చి ఎకనామిక్స్ మేజర్ తీసుకున్న పిల్ల ఇంటర్‌లో గణితం ముట్టుకోలేదు. ఆమెకు మూడో సెమిస్టర్‌లో గణాంక పద్ధతులు దొరక్కపోతే, అది బేసి సెమిస్టర్ పేపర్ కాబట్టి మళ్లీ ఐదులోనే. ఐదులో అదే పీరియడ్‌లో మేజర్ పేపర్ ఉంటుంది. ఇక లేనట్టే. ఆరులో ఎకనోమెట్రిక్స్, అంటే ఆర్థిక విషయాలను గణాంకాలతో పరీక్షించే పేపర్, మొదలవుతుంది. సగటు నుంచి విలువలు ఎంత చెదిరి ఉన్నాయో కొలవడం రాని పిల్లకు రిగ్రెషన్‌లో (ఒక విలువ మరొకదానితో ఎలా మారుతుందో అంచనా కట్టే పద్ధతి) ప్రామాణిక దోషం, అంటే ఆ అంచనా ఎంత అటూఇటూ కావచ్చో, చెబుతారు. ఆమె సూత్రం బట్టీ పట్టి పాసవుతుంది. ఆ తర్వాత ఎంఏ ఎకనామిక్స్ ప్రవేశ పరీక్షలో గణితం, గణాంకాల ప్రశ్నల దగ్గర ఆగిపోతుంది. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ రాయాలంటే ఆ పీజీయే అర్హత. మూడో సెమిస్టర్‌లో ఒక మధ్యాహ్నం నాలుగింటికి బోర్డు మీద పడిన లైను ఎంత దూరం పోయిందో చూశారా?

నాలుగో ఏడు సంగతి సరేసరి. పరిశోధనతో ఆనర్స్ కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకుని, 12 క్రెడిట్ల డిసర్టేషన్ (పరిశోధన నివేదిక) రాయాలి. పరిశోధన వద్దనుకున్నవాళ్లకు ఆ పన్నెండింటికి బదులు మూడు కోర్సులు. ఆ మూడూ తమ బంధువర్గమే. వాటిని చెప్పేదెవరో పుస్తకంలో రాయలేదు.

తమ మిత్రబృందాన్నీ పలకరించకపోతే నొచ్చుకుంటారు. కేంద్రం ఆన్‌లైన్ కోర్సుల వేదికైన స్వయం గారూ, మీ కోర్సులతో సెమిస్టర్ క్రెడిట్లలో 40 శాతం దాకా తెచ్చుకోవచ్చన్నారు, సంతోషం. కోర్సులో చేరడం వేరు, పరీక్షకు రిజిస్టర్ కావడం వేరు, దానికి ఫీజు వేరు, కాలేజీ ముందే ఒప్పుకోకపోతే ఆ క్రెడిట్లు మెమోలోకి ఎక్కవు అనే నాలుగు ముక్కలు మొదటి పేజీలో పెద్దక్షరాల్లో వేయిస్తే మీ సొమ్మేం పోదు. పిల్లల క్రెడిట్లు ఆన్‌లైన్‌లో దాచిపెట్టే క్రెడిట్ బ్యాంకు గారూ, ఆధార్‌లో ఇంటిపేరు ముందుండి, టెన్త్ మెమోలో వెనకుంటే పిల్లవాడు వేరే మనిషైపోడండీ. ఇంటర్న్‌షిప్ గారూ, మీతో పనిలేదు. మీ సర్టిఫికెట్ జిరాక్స్ షాపులో దొరుకుతోంది.

మళ్లీ తమ దగ్గరికే వస్తాను. పాత హెచ్‌ఈపీలో ఎంపిక లేకపోయినా చరిత్ర, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ మూడూ మెమోలో ఉండేవి. ఎంపిక ఉందని ఎవరూ చెప్పలేదు కూడా. 2023-24లో ఆంధ్రప్రదేశ్ ఆ మూడింటి పద్ధతి తీసేసి ఒక్క మేజర్ తెచ్చింది. తెలంగాణలో దోస్త్ (డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ పద్ధతి) వెబ్ ఆప్షన్లలోనే కాంబినేషన్లు పరుస్తారు. రెండు చోట్లా పిల్లవాడి నెత్తిన పడింది ఎంచుకునే బాధ్యత. సోషల్ స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు డిగ్రీలో ఏయే సబ్జెక్టులు ఉండాలో డీఎస్సీ నోటిఫికేషన్ పేరుపేరునా చెబుతుంది. హిస్టరీ మేజర్‌కి తోడు, దొరికిందని కంప్యూటర్ మైనర్ తీసుకున్నవాడు ఆ జాబితాలో రెండో సబ్జెక్టు కోసం వెతుక్కుంటాడు. గ్రూప్స్‌కి ఏదో ఒక డిగ్రీ చాలు కదా అని ఇంట్లో అంటారు. నిజమే. బీఈడీలోనూ పీజీలోనూ కోరుకున్న సబ్జెక్టుకు మాత్రం అది అన్నిసార్లూ చాలదు.

అసలు మంట ఎక్కడంటే, ఆ పేపర్ పక్కన మెమోలో ‘ఎలక్టివ్’ అని నీ పేరే అచ్చవుతుంది. నాలుగేళ్ల తర్వాత ఎవరో ఇంటర్వ్యూలో కళ్లజోడు సర్దుకుని, ‘ప్రభుత్వ పాలన ఎందుకు ఎంచుకున్నావమ్మా?’ అంటారు. ఆ పిల్ల ఏం చెప్పాలి? ఒక లెక్చరర్‌కి నాలుగు గంటలు ఖాళీగా ఉన్నాయని చెప్పాలా? ప్రాధాన్యాలు రాయించుకుని, కింద సంతకం పెట్టించుకుని, నీకు తోచింది అంటగట్టి, దానికి పిల్లల ఇష్టమని పేరు పెట్టావు. తప్పనిసరి పేపర్‌కి ఈ బుద్ధి లేదు. తప్పనిసరి అని ముఖం మీదే చెబుతుంది.

అందుకే పిల్లలకు నిన్ను నమ్మకుండా ప్లాన్ వేసుకోమని చెబుతున్నాం. కాగితం మీద ఆరు నిలువు గడులు గీసి, ఆరో సెమిస్టర్ నుంచి వెనక్కి నింపమంటున్నాం. చివర ఏం కావాలి, ఎంఏనా, బీఈడీనా? దానికి మెమోలో ఏం కనబడాలి? దానికి ముందు ఏ పేపర్ రావాలి? అది బేసి సెమిస్టర్‌లో వస్తుందా, సరి సెమిస్టర్‌లోనా? ప్రాస్పెక్టస్ పక్కన పెట్టి, నిరుడూ ముందటేడూ పాసైన సీనియర్ల మెమోలు చూడమంటున్నాం. ప్రాస్పెక్టస్ ఏమైనా అంటుంది, మెమోలో మాత్రం నడిచిన పేపర్లే ఉంటాయి. రెండేళ్ల మెమోల్లో లేని ఎలక్టివ్ మూడో ఏడు ప్రత్యక్షం కాదు. గణాంకాలు కాలేజీలో దొరకకపోతే, మూడో సెమిస్టర్ మొదలవ్వకముందే స్వయంలో వెతికి, కాలేజీ చేత రాతపూర్వకంగా ఒప్పించుకోమంటున్నాం. ఫారం ఇచ్చేముందు ఆఫీసులో ఒక్క ప్రశ్న అడగమంటున్నాం: ‘సార్, ఈ పేపర్ ఎవరు చెబుతారు?’ జవాబుగా మనిషి పేరు రాకపోతే దాన్ని ఆరో నంబరులో రాయమంటున్నాం.

ఇంత తిట్టాక కూడా నువ్వు పూర్తిగా పోవాలని మాత్రం అనలేకపోతున్నాం. ఎందుకంటే ఎక్కడో ఒకచోట, ఏ పుణ్యాత్ముడైన లెక్చరరో పట్టుబట్టి నిన్ను నడిపినప్పుడు ఏమవుతుందో చూసినవాళ్లం. గ్రామీణ సమాజశాస్త్రం పిల్లలు ప్రశ్నావళి పట్టుకుని ఊళ్లోకి వెళ్తారు. మొదటి ఇంట్లో ‘మీ నెల ఆదాయం ఎంత?’ అని అడుగుతారు. ఆయన నవ్వి ఊరుకుంటాడు. ఒకచోట కూలి, ఒకచోట కౌలు, మధ్యలో అప్పు, ఆయనకు నెల ఆదాయం అనేదే లేదు. పిల్లలు తిరిగొచ్చి ప్రశ్న కొట్టేసి, బియ్యం ఎన్ని కిలోలు, గ్యాస్ బండ ఎన్నాళ్లు, పిల్లల ఫీజు ఎంత, మందులకెంత అని రాసుకుంటారు. రెండో రోజు అన్నిటికీ జవాబులొస్తాయి. జాతీయ నమూనా సర్వే కుటుంబాల ఆదాయం కంటే ఖర్చునే ఎందుకు నమ్ముకుందో, మన పేదరికపు గీతలు ఖర్చు మీదే ఎందుకు గీశారో మూడు యూనిట్ల పాఠంలో ఎక్కనిది ఆ సాయంత్రం ఎక్కుతుంది. ఆ బ్యాచ్‌లో కనీసం ఇద్దరు ఎంఏకి పోతారు. నీ దుంపతెగ, అందుకే కోపం.

కాబట్టి అడిగేది పెద్దదేం కాదు. సిలబస్ పుస్తకంలో నీ ప్రతి పేరు పక్కనా రెండు గడులు చేర్పించు. ఒకదానిలో పాఠం చెప్పేవారి పేరు, రెండోదానిలో ఈ కాలేజీలో చివరిసారి నడిచిన సంవత్సరం. నింపలేని వరుస కొట్టేయించు. ఆరు పేర్లు పోయి ఒక్కటే మిగిలినా ఫర్వాలేదు. ఫారం మీద ఆ ఒక్కటే వేయించి, పైన ‘తప్పనిసరి’ అని రాయించు.

ఇట్లు,
ఆరో ప్రాధాన్యం కూడా దక్కని బ్యాచ్ తరఫున

తా.క.: వచ్చే సెమిస్టర్ ఆప్షన్ ఫారాలు జిరాక్స్‌కి వెళ్లాయని తెలిసింది. ఈసారి ఎనిమిది పేర్లట.