మా పెరట్లో జపాన్ పూసింది, చూడ్డానికి రండి

18 నెలలు నీళ్ళు పోసి పెంచిన నా ‘జపాన్ చెర్రీ’ ఇవాళ పొద్దున తొలి పువ్వు పూసింది. తెల్లగా, నలిపి పారేసిన కాగితంలా అయిదు రేకులు. పోనీలే, తెల్లగా పూసే రకాలూ ఉంటాయిగా అని నేను ఫొటోలు తీస్తుంటే పాలామె వచ్చి, "ఇదేటమ్మా, నక్కరేగు మొక్కకి ఇంత సేవ సేస్తన్నావు?" అంది.

అవును, నక్కరేగే! సింగపూర్ చెర్రీ. ఆకు ముట్టుకుంటే వేలికి నూగు, జిగురు. అప్పుడైనా వెలగొద్దూ నాకు? పిట్టలు, గబ్బిలాలు పండు తిని రెట్ట వేస్తే గోడ పక్కన దానంతటదే మొలిచేదానికి నేను పోసింది 1,200 రూపాయలు. కుండీకి గులాబీ రంగు చెర్రీ పూల బొమ్మ కట్టిన నర్సరీవాడికి ఫోన్ చేస్తే, "చెర్రీయే కద మేడమ్" అంటాడు. మధ్యాహ్నానికి ఆ ఒక్క పువ్వూ రాలిపోయింది.

అసలు చెర్రీకి చలికాలంలో ఏడు డిగ్రీల లోపు చలి వారాల తరబడి తగలాలట. అప్పుడే మొగ్గకి మెలకువ వచ్చేది. శ్రీకాకుళంలో! సంక్రాంతికి కూడా ఫ్యాన్ ఆపని ఊళ్ళో! షిల్లాంగ్‌లో నవంబరులో పూస్తుందంటే అది కొండ, అక్కడ చలి ఉంది. మనకున్నది ఉక్క.

ఈ పిచ్చి నాకెవరు ఎక్కించారో చెప్పనా? మా తోడికోడలు. వాషింగ్టన్‌లో కొడుకు దగ్గరికెళ్ళి పూటకో స్టేటస్సు. 1912లో జపాన్ వాళ్ళు 3,020 చెట్లు పంపారట, రేకులు రాలుతుంటే ఒళ్ళు పులకరించిందట.

మరి మా ఉమ్మడి వాకిట్లో రేల చెట్టు ఏం పాపం చేసిందమ్మా? మా మామగారు వేసిన చెట్టు. ఏప్రిల్, మే వచ్చిందంటే పసుపు గుత్తులు మేడ మీద నుంచి అందేవి. తిత్లీ తుఫానుకి కొమ్మ విరిగింది కానీ చెట్టు నిలబడింది. ఈవిడ కొత్త కారు ముందు మాత్రం నిలబడలేకపోయింది. పూలు పడి అద్దం పాడవుతోందని, నేను పుట్టింటికెళ్ళిన రెండు రోజుల్లో మొదలంటా కొట్టించేసింది. నేనొచ్చేసరికి మొద్దు మీద సిమెంటు తడి ఆరలేదు. అమెరికాలో రాలితే పులకరింత, మన వాకిట్లో రాలితే చెత్త!

ఆయన "వదిలెయ్యవే" అంటారు. ఆరేళ్ళుగా వదిలేస్తూనే ఉన్నాను.

ఇందాక నర్సరీవాడే మళ్ళీ ఫోన్ చేశాడు. కశ్మీరు ఆపిల్ మొక్కలు దిగాయట. నాకు డిస్కౌంటట.