సవరణ: ఏదుపంది ముళ్లు విసరదు

అచ్చంపేట దగ్గర మా పల్లి చేలో ఏదుపంది పడిందని మొన్న రాస్తూ, అది కుక్క మీదికి ముళ్లను బాణాల్లా విసిరిందన్నాను. తప్పు. చిన్నప్పుడు తాత చెప్పిందే రాసేశాను. విసిరే శక్తి దానికి లేదు.

ఆ ముళ్లు గట్టిపడ్డ వెంట్రుకలే. బెదిరితే ముందు వాటిని నిక్కబొడుచుకుని, తోకకున్న బోలు ముళ్లను గలగలలాడిస్తుంది. అయినా మనం కదలకపోతే వెనక్కి తిరిగి, వెనకడుగులతోనే మీదికి దూసుకొస్తుంది! వదులుగా ఉన్న ముళ్లు గుచ్చుకుని ఊడిపోతాయి. మా కుక్క మూతికి జరిగింది అదే. చిరుతపులులకూ ఈ గాయాలు తప్పవు. ఊడినచోట మళ్లీ మొలుస్తాయి.

ఇంకోటి, ముళ్ల కొనకు కొక్కేలుంటాయని కూడా రాశాను. అవి ఉత్తర అమెరికా ఏదుపందికి. మన నల్లమల దానివి నున్నగానే ఉంటాయి.