పేరు డార్క్ మోడ్‌ది, పని బ్రైట్‌నెస్‌ది

ఫోన్‌లో డార్క్ మోడ్, అంటే నల్లటి నేపథ్యం మీద తెల్లటి అక్షరాలు చూపే అమరిక, ఎందుకు పెట్టుకున్నారని అడిగితే దాదాపు అందరూ రెండు కారణాలే చెబుతారు: కళ్లకు హాయి, బ్యాటరీకి ఆదా. 2019 సెప్టెంబరులో ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 13 కొద్ది రోజుల తేడాతో విడుదలై, ఈ సదుపాయాన్ని ఫోన్ మొత్తానికీ వర్తింపజేసినప్పటి నుంచి ఈ రెండు మాటలూ తిరుగులేని నిజాల్లా చలామణీ అవుతున్నాయి. రెండింటిలోనూ నిజం లేకపోలేదు. అయితే అందులో పెద్ద వాటా తెర రంగుది కాదు, తెర వెలుగుది.

ముందుగా బ్యాటరీ సంగతి. ఎల్‌సీడీ తెరలో అక్షరాల వెనుక ఒక దీపం నిరంతరం వెలుగుతూనే ఉంటుంది. పైన కనిపించేది నలుపైనా తెలుపైనా ఆ దీపానికి తేడా తెలియదు కాబట్టి, అలాంటి ఫోన్లలో డార్క్ మోడ్ వల్ల మిగిలేది దాదాపు శూన్యం. ఓఎల్ఈడీ తెరలో ప్రతి పిక్సెల్, అంటే బొమ్మను ఏర్పరిచే ప్రతి చిన్న చుక్క, తన వెలుగు తానే ఇచ్చుకుంటుంది, నలుపు చూపాల్సి వస్తే ఆరిపోతుంది. అక్కడ ఆదా ఉంది. ఎంత అన్నదే ప్రశ్న. అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ఓఎల్ఈడీ ఫోన్ల మీద కొలిచి చూస్తే, బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచినప్పుడు సగటున 39 నుంచి 47 శాతం విద్యుత్తు ఆదా అయింది. చాలామంది మామూలుగా వాడే 30 నుంచి 50 శాతం బ్రైట్‌నెస్ దగ్గర ఆదా 3 నుంచి 9 శాతం మాత్రమే. ప్రచారంలో వినిపించేది మొదటి అంకె, మనకు దక్కేది రెండోది. బ్రైట్‌నెస్‌ను పూర్తిగా పెంచేది ఎండలో నిలబడినప్పుడే కదా. సరిగ్గా అప్పుడే నల్లటి తెర అద్దంలా మారి, అక్షరాల బదులు మన ముఖాన్ని చూపిస్తుంది. ఆదా ఎక్కువగా ఉన్నచోట చదవడం కష్టం, హాయిగా చదవగలిగే చోట ఆదా తక్కువ. పైగా డార్క్ మోడ్ మార్చేది మెనూలను, నేపథ్యాలను మాత్రమే. ఫోటోలూ వీడియోలూ వాటి రంగుల్లోనే ఉంటాయి. రోజంతా వీడియోలు చూసేవారికి ఈ కాస్త లాభమూ ఇంకా తగ్గుతుంది.

కళ్ల విషయం ఇంత సూటిగా తేలేది కాదు. తెల్లటి నేపథ్యం మీద నల్లటి అక్షరాలు చదువుతున్నప్పుడు కంట్లోకి ఎక్కువ వెలుగు చేరి కంటిపాప చిన్నదవుతుంది, దాంతో రూపం మరింత స్పష్టంగా పడుతుంది. నల్లటి నేపథ్యం ముందు కంటిపాప పెద్దదై, దృష్టిలో ఉన్న చిన్నపాటి లోపాలు కూడా బయటపడతాయి. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో యువకులూ వృద్ధులూ ఇద్దరూ తెల్లటి నేపథ్యం మీదే అచ్చుతప్పులను మెరుగ్గా పట్టుకోగలిగారు. ఆస్టిగ్మాటిజం, అంటే కంటి వంపు సమంగా లేక చూపు మసకబారే లోపం, ఉన్నవారిలో చాలామందికి నల్లటి తెర మీది తెల్లని అక్షరాల చుట్టూ వెలుగు చిందినట్టు, అంచులు అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. దీనికి పూర్తి విరుద్ధమైన అనుభవం కంట్లో శుక్లం ఉన్నవారిది: మసకబారిన కటకంలో తెల్లటి నేపథ్యపు వెలుగు చెదిరిపోయి అక్షరాలను కప్పేస్తుంది కాబట్టి వారికి నల్లటి తెరే మేలు. ఇద్దరి కళ్లకు ఒకే మందు పనిచేయని చోట ‘డార్క్ మోడ్ కళ్లకు మంచిది’ అన్న ఏకవాక్య తీర్పుకు అర్థం లేదు.

మరి చాలామందికి రాత్రిపూట నిజంగానే హాయిగా అనిపిస్తుంది కదా? అనిపిస్తుంది, అది భ్రమ కాదు. చీకటి గదిలో కన్ను చీకటికి అలవాటు పడి ఉంటుంది. ఆ స్థితిలో ధగధగలాడే తెల్లటి తెర ఎదురైతే బాధించేది గదికీ తెరకూ మధ్య ఉన్న వెలుగు తేడా. డార్క్ మోడ్ ఆ తేడాను తగ్గిస్తుంది. బ్రైట్‌నెస్ తగ్గించినా అదే జరుగుతుంది. చిత్రమేమిటంటే, డార్క్ మోడ్ పెట్టుకుని, అందులోని బూడిదరంగు అక్షరాలు సరిగా కనిపించక మళ్లీ బ్రైట్‌నెస్ పెంచుకునేవారూ ఉన్నారు. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో లాక్కోవడమంటే ఇదే. ఇక గంటల తరబడి చూశాక వచ్చే మంట, పొడిబారడం వంటివాటికి ప్రధాన కారణం తెర వైపు చూస్తూ రెప్పలు ఆర్పడం తగ్గిపోవడమేనని నేత్రవైద్యులు చెబుతున్నారు. రంగు ఏదైనా రెప్ప వాల్చకుండా చూస్తే కన్ను ఎండిపోతుంది.

అందువల్ల డార్క్ మోడ్‌ను తీసిపారేయాలని కాదు, దాన్ని ఎప్పుడు వాడాలన్నది చుట్టూ ఉన్న వెలుతురును బట్టి తేల్చుకోవాలని. ఫోన్లు మాత్రం ఈ పనిని గడియారానికి అప్పగించాయి: ఆటోమేటిక్ అని పెడితే సూర్యాస్తమయానికి నల్లబడి, సూర్యోదయానికి తెల్లబడతాయి. రాత్రి ఎనిమిదింటికి పట్టపగల్లా దీపాలు వెలుగుతున్న గదిలోనూ తెర నల్లగానే ఉంటుంది, మధ్యాహ్నం కర్టెన్లు వేసి చీకటి చేసుకున్న గదిలోనూ తెల్లగానే మెరుస్తుంది. గదిలో ఎంత వెలుతురు ఉందో కొలిచే సెన్సర్ అదే ఫోన్ ముందు భాగంలో ఉంది, బ్రైట్‌నెస్‌ను తనంతట తానే సర్దుతూనే ఉంది. దాని మాట వినాల్సింది పోయి సూర్యుణ్ని ఎందుకు అడుగుతున్నారో తయారీదారులే చెప్పాలి.