కిలోగ్రాము నిర్వచనం మారింది, వ్యాసంలో సరిచేయండి

కొలతల ప్రమాణాల మీద మీ వ్యాసం బాగుంది. కానీ పారిస్ పక్కన సెవ్ర్‌లో దాచిన ప్లాటినం-ఇరిడియం దిమ్మె ద్రవ్యరాశే కిలోగ్రాము అని రాశారు. 2019 మే 20 నుంచి అది చెల్లదు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఇలాంటివి చూసి పాత నిర్వచనమే బట్టీ పడతారు, అందుకే చెబుతున్నాను.

1889 నుంచి అప్పటిదాకా ఆ దిమ్మే ప్రమాణం. ఎత్తు, అడ్డుకొలత రెండూ దాదాపు 39 మిల్లీమీటర్లే. మూడు గాజు మూతల కింద భద్రంగా ఉంచారు. అయినా వందేళ్ల తర్వాత నకళ్లతో పోల్చి చూస్తే సుమారు 50 మైక్రోగ్రాముల తేడా తేలింది. తగ్గింది దిమ్మా, పెరిగినవి నకళ్లా? తేల్చే దారి లేదు. నిర్వచనం ప్రకారం ఆ దిమ్మ ఎప్పుడూ సరిగ్గా ఒక కిలోనే! నా దృష్టిలో అసలు చిక్కు ఇదే.

ఇప్పుడు ప్లాంక్ స్థిరాంకాన్ని (క్వాంటం భౌతికశాస్త్రంలో ఎక్కడైనా, ఎప్పుడైనా మారని ఒక విలువ) 6.62607015 × 10⁻³⁴ జౌల్-సెకన్లుగా ఖాయం చేసి, దాన్నుంచి కిలోగ్రామును రాబడుతున్నారు. ఇందుకు వాడే సాధనాల్లో ఒకటి బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త బ్రయాన్ కిబుల్ 1975లో ప్రతిపాదించిన త్రాసు. అయస్కాంత క్షేత్రంలో ఉన్న తీగచుట్టలోకి కరెంటు పంపి, ఆ బలంతో బరువును తూగేలా నిలబెడతారు. తర్వాత బరువు తీసేసి, అదే చుట్టను తెలిసిన వేగంతో కదిపి ఎంత వోల్టేజీ పుట్టిందో చూస్తారు. ఈ రెండు కొలతల్నీ కలిపితే అయస్కాంత బలం, తీగ పొడవు లెక్కలోంచి ఎగిరిపోతాయి. కచ్చితంగా కొలవడం కష్టమైనవి అవే కదా, ఎంత గొప్ప ఉపాయమో! కరెంటు, వోల్టేజీలను క్వాంటం ప్రమాణాలతో కొలుస్తారు, ప్లాంక్ స్థిరాంకం అక్కడే లెక్కలోకి వస్తుంది. ఆ చోటి గురుత్వ త్వరణాన్ని మాత్రం విడిగా కొలవాలి.

మీటరు, సెకను గురించి మీరు రాసింది సరిగ్గానే ఉంది. దయచేసి కిలోగ్రాము వాక్యం ఒక్కటి మార్చండి.