గ్రాంటు ఏ నెలలో వస్తుందన్నదే ముఖ్యం
విద్యాయాత్రలకు గ్రాంటు ఇస్తే అందరికంటే పేద పిల్లలే ఎక్కువ లాభపడతారని ఒక వ్యాసంలో రచయిత అన్న మాట నిజమే గానీ, ఆ లాభం ఎంత డబ్బు ఇచ్చారన్నదానికంటే ఏ నెలలో ఇచ్చారన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుందని, కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో సాంఘికశాస్త్రం బోధించిన అనుభవంతో చెబుతున్నాను. ఒక ఏడాది దసరా సెలవులకు ముందు, ఉపాధ్యాయులమే తలా కొంత వేసుకుని, తొమ్మిదో తరగతి పిల్లలను గుత్తి–పత్తికొండ దారిలోని ఎర్రగుడికి తీసుకెళ్లాము. అక్కడి బండలపై చెక్కిన క్రీస్తుపూర్వం 3వ శతాబ్దపు అశోకుని శాసనాల్లో ఒకదానిలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయని నేను వివరిస్తుండగా, పరీక్షల్లో ఎప్పుడూ వెనకబడే ఒక పిల్లవాడు ఆ బండ ఎదుట గాలిలో వేలితో గీస్తూ "సాలు చివర మడక తిప్పుకొచ్చినట్టుంది సార్" అన్నాడు. మడక అంటే నాగలి. ఆ రాతపద్ధతికి గ్రీకులు పెట్టిన పేరుకు కూడా ఎద్దు మళ్లినట్లు అనే అర్థమని నాకు తరువాత తెలిసింది. అసలు గ్రాంటు మాత్రం ఫిబ్రవరిలో వచ్చింది, అదీ బస్సు బాడుగకే సరిపోయింది. అప్పటికి మిరపకోతలకు గుంటూరు వైపు సుగ్గికి (కూలిపనుల వలసకు) పోయిన కుటుంబాలు పిల్లలను కూడా వెంట తీసుకెళ్లడంతో, బెలుం గుహలకు బయలుదేరిన బస్సులో సగం సీట్లు ఖాళీగా ఉన్నాయి, మడక మాట చెప్పిన ఆ పిల్లవాడి సీటుతో సహా. ఈ సొమ్మును జూలైలోనే, భోజనం ఖర్చుతో కలిపి, పాఠశాల ఖాతాలో వేయాలి.